తుపాకి పేలని ఇంటి బిళ్ళ

మా తిగిల్త్ ఊళ్ళో నగల మీది గాజు మీనా పగలదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్నెవరూ మధ్యలో ఆపి అడగొద్దు. జుర్జురా కొండల్లో వెండి పని చేసే ఊళ్ళు ఇంకా ఉన్నాయి, కాదనను. వాళ్ళ నగల మీది నీలం రంగు పెళ్ళికూతురు అత్తారి గుమ్మం దాటేలోపే పెచ్చులూడి కుస్‌కుస్ పళ్ళెంలో పడుతుంది. మాది అలా కాదు. మా తాత చేసిన కడియాన్ని గాడిద తొక్కింది, వాగు ఈడ్చుకుపోయింది, పన్ను వసూలుకొచ్చిన ఫ్రెంచి దొర చూసుకోకుండా దాని మీద కూర్చున్నాడు. దొర చాలాకాలం నిలబడే రొట్టె తిన్నాడు గానీ, మీనా మీద వెంట్రుకంత గీత పడలేదు. వెండి మీద గాజుపొడి పరిచి, కరిగించి, రంగులు పూయించటంలో మా ఊరి మగవాళ్ళ చేతులు అలాంటివి.

మగవాళ్ళ చేతులు అన్నాను కదా, జూహెర్‌కి ఒళ్ళు మండింది ఆ మాటకే.

జూహెర్ కంసాలి సాలెం పెళ్ళాం. కాపరం చేసినన్నాళ్ళూ మొగుడికి మీనా నూరిపెట్టింది. మా ఊళ్ళో పని పంపకం అంతే. గాజుపొడి నూరటం, కడగటం, పూసలు గుచ్చటం, తయారైన నగని ఇసక వేసి తోమటం ఆడవాళ్ళ వంతు. మంట, సుత్తి, సంతలో బేరం, పేరు మగవాళ్ళ వంతు. సాలెం పోయాక వాళ్ళ ఇంటి కింది గదిలో కొలిమి చల్లారిపోయింది. తిత్తి గోడకి వేలాడుతూ ఉండిపోయింది. దాని మీద కన్ను మరిది అక్లీది. అక్లీ కూడా కంసాలే, పొరుగు వీధిలో దుకాణం. సందు దొరికినప్పుడల్లా వచ్చి, "వదినా, ఆ తిత్తిని ఎలుకలు కొరికేస్తాయి, నేను పట్టుకెళ్ళి దాచనా?" అనేవాడు. "నా ఇంట్లో ఎలుకలు నీకంటే బుద్ధిమంతులు" అనేది ఆమె.

ఆమెకి ఉన్నది ఒక్కతే కూతురు, మల్హా. ఊళ్ళోనే పైవీధిలో ఇచ్చారు. మల్హాకి తొలికాన్పు వచ్చింది. మగపిల్లాడు పుడితే పేల్చటానికి మామగారు తుపాకిని మేకు మీంచి దింపి, నూనె పెట్టి, మందు కూరి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలి నుంచి మంత్రసాని వచ్చి, పిల్ల, అంది. ఆయన తుపాకిని మళ్ళీ మేకుకి తగిలించాడు. పిల్ల గుక్కపెట్టి ఏడుస్తూనే ఉంది. తుపాకి కంటే పెద్ద చప్పుడే, కానీ ఆ చప్పుడు ఊళ్ళో లెక్కలోకి రాదు.

పిల్లకి తితెం అని పేరు పెట్టారు. పేరు పెట్టిన రోజు విందులో జరిగిందే ఈ గొడవకంతటికీ మూలం. మా వైపు మగపిల్లాణ్ణి కన్న తల్లి అరచేతంత వెండి బిళ్ళని నుదుటి మీద పెట్టుకుంటుంది. మధ్యలో పగడం, చుట్టూ నీలం, పచ్చ, పసుపు మీనా. తబ్జీమ్త్ అంటారు దాన్ని. ఆడపిల్లని కన్నదానికి అదే బిళ్ళ ఇస్తే గిస్తే రొమ్ము మీదే. ఆ రోజు బిళ్ళలున్న తల్లులందరూ చాప మీద ముందు వరసలో కూర్చున్నారు. అప్పుడే కని లేచిన మల్హాని, విందు ఎవరిదో ఆ మల్హాని, చెప్పులు విడిచే చోట గుమ్మం పక్కన కూర్చోబెట్టారు. చలిగాలి నేరుగా ఆమె వీపుకే కొడుతోంది.

మల్హా అత్తగారు కెల్తూమ్ నోటికి పులుపెక్కువ. జూహెర్ వైపు తిరిగి, అందరికీ వినపడేలా అంది: "మీ పిల్ల అదృష్టవంతురాలు వదినా. నుదుటికి హాయిగా గాలి తగులుతుంది. మాకు చూడు, ఈ బరువు మోసి మోసి సాయంత్రానికి తల పగిలిపోతుంది."

అందరూ నవ్వారు. మల్హా కూడా నవ్వబోయింది, నవ్వు రాలేదు. జూహెర్ చేతిలో విందుకి పెట్టిన సగం ఉడికిన గుడ్డు ఉంది. అది నలిగి వేళ్ళ మధ్య నుంచి పచ్చసొన కారింది. తనకీ ఒక్కతే ఆడపిల్ల. తన నుదురు ఉత్తిగానే ముడతలు పడిపోయింది, అప్పుడు ఏమీ అనలేదు. మొగుడు ఊరందరికీ బిళ్ళలు చేస్తుంటే మీనా నూరుతూ కూర్చుంది. మళ్ళీ కూతురికీ అదేనా? ఆ తర్వాత గుమ్మం దగ్గర కూర్చునేది తితెమా?

అక్కణ్ణుంచి లేచి తిన్నగా అక్లీ దుకాణానికి వెళ్ళింది. నా కూతురికి నుదుటి బిళ్ళ చేసిపెట్టు, వెండి నాది, అంది. అక్లీ ముందు నవ్వాడు, తర్వాత చుట్టూ చూశాడు, తర్వాత ఊరి కట్టుబాటు అప్పజెప్పాడు. తుపాకి చప్పుడు వినకుండా నుదుటి బిళ్ళ చేసిన కంసాలి ఊరందరికీ పొట్టేలు కోసి పంచాలి. తాతలనాటి మాట. రొమ్ముకైతే చేస్తాను, కావాలంటే చెప్పు, అన్నాడు.

"నువ్వు చెయ్యకపోతే నేను చేసుకుంటాను" అంది జూహెర్.

"నూరుకో వదినా, నూరటం నీకొచ్చు. మంట జోలికి రాకు. కొలిమి మంటకి ఆడదాని ఊపిరి పడదు."

ఇంటికొచ్చే దారంతా ఆమె తనలో తనే తిట్టుకుంటూ వచ్చింది. మంటకి ఆడదాని ఊపిరి పడదట. మరి ఈ ఊళ్ళో పొయ్యిలు ఊదుతున్నదెవరు, వీడి ముత్తాతా? రోజుకి రెండు పూటలా వీడి కడుపులోకి పోయేది ఏ మంట మీద ఉడుకుతోంది? అలా తిట్టుకుంటూనే కింది గది తలుపు తీసింది, తిత్తి దింపింది, దుమ్ము దులిపింది.

దాక్కుని చేసిందేమీ లేదు. పట్టపగలే చేసింది. మాది కంసాలి ఊరు. పొద్దున్న లేస్తే ఊరంతా సుత్తి చప్పుడే. మా చప్పుడుకి కొండ అవతలి కొంగలు గూళ్ళు మార్చుకుంటాయి. అంత చప్పుడులో ఇంకొక్క సుత్తి ఎవరికి వినపడుతుంది?

వెండి కోసం తన కాలి కడియం ఒకటి తీసి మూసలో వేసింది. ఒకటే తీసింది, రెండోది మొగుడి గుర్తుగా ఉంచుకుంది. ఒక కడియం వెండి అరచేతంత బిళ్ళకి చాలదు. మా మగవాళ్ళు బిళ్ళని గుమ్మం గడపంత మందాన కొడతారు. ఆమెకి ఉన్న వెండిని అంత వెడల్పు చెయ్యాలంటే రొట్టెలా పలచగా సాగగొట్టాలి. కొట్టింది. మొదటి రోజు బొటనవేలు కొట్టుకుంది, రెండో రోజు వెండికి చిల్లి పొడిచింది. మళ్ళీ కరిగించింది. మూడోసారికి సుత్తి ఎత్తటం కాదు, వదలటం నేర్చుకోవాలని చేతికి అర్థమైంది.

తీగలు తియ్యటం సులువుగానే పట్టుబడింది, ఉన్ని వడికిన చెయ్యి కదా. తీగల్ని వంచి బిళ్ళ మీద చిన్న చిన్న గళ్ళు కట్టి, వెలిగారం పూసి, మాటు వేసి అతకటం దగ్గర తంటా వచ్చింది. మంట ఒకచోట నిలిపితే తీగే కరిగి కూర్చునేది. ఊదుగొట్టం నోట్లో పెట్టుకుని, చూలింతని నిమిరినట్టు మంటని బిళ్ళంతటా తిప్పటం వచ్చేదాకా ఎన్ని తీగలు తగలేసిందో ఆమెకే తెలియదు. బుగ్గలు వాచిపోయాయి. పంటి నొప్పి అని ఊళ్ళో అనుకున్నారు.

ఆ తర్వాత చేసిన పొరపాటు, మీనా నూరటం తప్ప మీనా కాల్చటం చూడనివ్వని ఇంట్లో బతికినవాళ్ళు మాత్రమే చెయ్యగలిగింది. ఆమె చేతికి నగలు ఎప్పుడూ పూర్తయ్యాకే వచ్చేవి, తోమటానికి. పగడమూ మీనా పక్కపక్కనే ఉండగానే చూసింది. ఏది ముందో ఏది వెనకో ఎవరు చెప్పారు? తన పెళ్ళి గొలుసులోని ఒక పగడాన్ని మధ్యలో బిగించి, గళ్ళలో తడి మీనా నింపి, మొత్తం మంటలో పెట్టింది. మీనా కరిగి మెరిసేసరికి పగడం తెల్లగా సున్నపుముద్ద అయిపోయింది. వేలితో ముట్టుకుంటే పొడి రాలింది. జూహెర్ కొలిమి ముందు కూర్చుని ఏడ్చింది, పగడం పోయినందుకు కాదు. ఇంత చిన్న సంగతి, పగడం ఆఖరున చల్లగా ఉన్నప్పుడు మైనంతో అతకాలనే సంగతి, సాలెం ఇన్నేళ్ళలో ఒక్కసారి నోరు జారి కూడా అనలేదే అని. మంచి మొగుడే. కానీ ఈ విషయంలో అతనూ అక్లీ అన్నే.

పగడం సంగతి తేలాక మీనా సంగతి మిగిలింది. తడి ఆరకుండా కాలిస్తే చిటపటమని ఎగిరి ముఖాన పడేది. ఆరబెట్టింది. నిదానంగా కాల్చింది. నీలం నిగనిగలాడుతూ వచ్చింది. సంతోషంతో బయట రాతి మీద పెట్టింది. చల్లారుతుండగా టిక్ మని ఒక చప్పుడు, మళ్ళీ టిక్, బిళ్ళ పిల్లి వీపులా వంగింది, మీనా సాలెగూడులా నెర్రెలు వాసి ఊడి పడింది.

మా ఊళ్ళో మీనా పగలదని మొదట్లో అన్నాను కదా. పగలకేం, శుభ్రంగా పగులుతుంది. పగిలినవాటిని ప్రతి కంసాలీ కొలిమి వెనక గోతిలో పూడుస్తాడు. మా తాత గొయ్యి అయితే దాటటానికి పలక వెయ్యాల్సి వచ్చేది. కడియం మీద కూర్చున్న దొర సంగతి నిజమే, కానీ ఆయన లేచాక మీనా కడియం మీద కంటే దొర పంట్లాం మీదే ఎక్కువుంది. సరే, కథలోకి పోదాం.

ఆమె వేడి బూడిదలో పెట్టి మెల్లగా చల్లార్చి చూసింది. మా ఆడవాళ్ళు కుండలు కాల్చి అలాగే చల్లారుస్తారు, అందుకే తోచింది. కొంత నయం, నెర్రెలు తగ్గాయి, బిళ్ళ మాత్రం వంగుతూనే ఉంది. గాజుపొడి ఇంకా మెత్తగా నూరింది. కడిగిన నీళ్ళు మార్చింది. ఒకసారి పొర మందంగా, ఒకసారి పలచగా వేసింది. ఏం చేసినా పిల్లి వీపే.

ఆ మధ్యాహ్నం ఆకలేసి పెనం మీద రొట్టె వేసింది. వేసి, బిళ్ళ గురించి ఆలోచిస్తూ తిప్పటం మరిచిపోయింది. చూసేసరికి రొట్టె ఒకవైపే కాలి, అంచులు పైకి లేచి, దొప్పలా వంగి ఉంది. అట్లకాడతో తిప్పింది. కాసేపటికి రెండోవైపూ కాలి రొట్టె చదునుగా పడుకుంది.

జూహెర్ ఆ రొట్టెని తినలేదు. ఒకసారి ఇటువైపు, ఒకసారి అటువైపు తిప్పి చూసింది. తర్వాత దాన్ని పెనం మీదే వదిలి కింది గదికి పరుగెత్తింది.

వెనకవైపు కూడా మీనా వేసింది. మొదటిసారి అది కరిగి కింది పెంకుకి అతుక్కుపోయింది. బంకమట్టితో మూడు ముళ్ళున్న చిన్న పీట చేసి, ఎండబెట్టి కాల్చి, బిళ్ళ అంచు మాత్రమే దాని మీద ఆనేలా పెట్టింది. ముందు ఒక పొర, వెనక ఒక పొర, ఒకదాన్నొకటి లాగి పట్టుకున్నాయి. బూడిదలోంచి తీసినప్పుడు బిళ్ళ చదునుగా, నీలంగా, నోరు మూసుకుని ఉంది. ఆమె చెవి దగ్గర పెట్టుకుని విన్నది. టిక్ లేదు. పూర్తిగా చల్లారాక గొలుసులోని ఇంకో పగడాన్ని మైనంతో మధ్యలో అతికింది. మా మగవాళ్ళు మహా షోకున్న నగలకి వెనక మీనా వేస్తారు, అది డబ్బున్నవాళ్ళ దర్జా అనుకుంటారు. పలచటి బిళ్ళని అదే నిలబెడుతుందని ఎవడికీ తెలియదు. ఎందుకు తెలుస్తుంది, వెండి దండిగా ఉన్నవాడు పలచగా ఎందుకు కొడతాడు?

మల్హా తన పినమామగారి కొడుకు పెళ్ళికి ఆ బిళ్ళ నుదుట పెట్టుకుని వచ్చింది. తితెం వీపున ఉంది. పాటలు పాడుతున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఆపేశారు. డప్పు కొడుతున్నామె మాత్రం తల వంచుకుని కొడుతూనే ఉంది. కెల్తూమ్ లేచి వచ్చి ఆ బిళ్ళ పట్టుకుని లాగబోయి, చేతికి తగలగానే ఆగిపోయింది. తేలిగ్గా ఉంది. ఆకులా ఉంది. తన నుదుటి మీది బండని ఒకసారి తడుముకుంది. కోపం ఎందుకొచ్చిందో, ఏ కోపం ఎక్కువో ఆమెకే తెలియలేదు.

మర్నాడే సభ. మా ఊళ్ళో సభ అంటే దారికి రెండు వైపులా రాతి అరుగులు, పైన కప్పు. మగవాళ్ళు అరుగుల మీద కూర్చుంటారు. ఆడవాళ్ళు ఆ దారి తొక్కరు, నీళ్ళకి కూడా చుట్టూ తిరిగి వెళ్తారు. ఊరిపెద్ద లూనిస్, తెల్లటి ఉన్ని బర్నూసు కప్పుకుని మధ్యలో కూర్చుని, ఈ పని చేసిందెవరు అని అడగనే లేదు. అక్లీ, నువ్వెందుకు చేశావు, అని అడిగాడు.

అక్లీ నేను కాదన్నాడు. నిజమే చెప్పాడు పాపం. ఎవరూ నమ్మలేదు. వదిన కూతురికి నువ్వు కాక ఎవరు చేస్తారు, అన్నారు. మళ్ళీ కాదన్నాడు. అప్పుడు ఒక ముసలి కంసాలి, నా భార్య కళ్ళారా చూసిందట, ఈ కొండల్లో అంత పలచని పని చేసిన చెయ్యి పుట్టలేదట, కాదంటావేంరా, అన్నాడు.  అక్లీ ఆ మాట విని మీసం సవరించుకున్నాడు. ఇక కాదనలేదు.

తీర్పు అయింది. పొట్టేలు కోసి ఊరికి పంచాలి. ఇంకా, వచ్చే సభలో ఆ బిళ్ళని చేసినవాడే అందరి ముందూ కరిగించాలి. నగ కరిగించాలంటే మా ఊళ్ళో ఒక పద్ధతుంది. కంసాలులందరూ ఒప్పుకోవాలి, ఒక్కరు వద్దన్నా నగ కరగదు. పని చేసినవాడి కష్టం ఇంకో పనివాడికే తెలుస్తుందని తాతలు పెట్టారు. లూనిస్ ఒక్కొక్క కంసాలినీ అడిగాడు. అందరూ సరే అన్నారు. అక్లీ అందరికంటే ముందే అన్నాడు.

పొట్టేలు మాంసం ఇంటింటికీ వచ్చింది. జూహెర్ ఇంటికి కూడా. పంచినవాడు, ఇది అక్లీ తప్పుకి జరిమానా, అన్నాడు. శిక్ష వేస్తారని ఆమెకి తెలుసు. దానికి సిద్ధపడే చేసింది. తిడతారనుకుంది, తలుపు ముందు ఉమ్ముతారనుకుంది, పొట్టేలు అడుగుతారనుకుంది. కానీ నేరం కూడా తనది కాకుండా పోతుందని కలలో అనుకోలేదు. వాచిన బుగ్గలు తనవి, కాలిన వేళ్ళు తనవి, పోయిన పగడం తనది. తప్పు మాత్రం అక్లీదట. తప్పు చెయ్యటానికి కూడా ఈ ఊళ్ళో మగాడై పుట్టాలి కాబోలు.

ఆ మాంసాన్ని కుక్కలకి వేసింది. కుక్కలు మాత్రం ఏ వివక్షా లేకుండా తిన్నాయి.

అక్లీ పేరు మార్మోగిపోయింది. తలనొప్పులతో విసిగిన ఆడవాళ్ళందరూ మొగుళ్ళ ప్రాణం తీశారు. పక్క ఊరి నూనె గానుగ యజమాని బెలాయిద్ గాడిదెక్కి వచ్చి, నా కోడలికి అలాంటి తేలిక బిళ్ళే కావాలని అక్లీ ముందు వెండి పోశాడు. అక్లీ పలచగా కొట్టాడు, బాగా కొట్టాడు, చెయ్యి గలవాడే. మీనా వేశాడు. టిక్. మళ్ళీ వేశాడు. టిక్. అతని గొయ్యి నిండింది. ఒక్కసారి ఆ బిళ్ళని చేతిలోకి తీసుకుని చూస్తే తెలుస్తుంది. కానీ తాను చేసిన నగని తనకే చూపించమని ఎవరినడుగుతాడు?

ఆఖరికి పెరటి వైపు నుంచి వదిన ఇంటికి వచ్చాడు. రాగానే కూర్చోకుండా, పొయ్యి వైపు చూస్తూ, ఆ బిళ్ళ మీది మీనా ఎందుకు పగలటం లేదో చెప్పమన్నాడు.

"నాకేం తెలుసు? చేసింది నువ్వు కదా" అంది జూహెర్.

"వదినా, నేను కాదన్నాను, వాళ్ళే వినలేదు. నీ బదులు నా పొట్టేలు పోయింది. కృతజ్ఞత ఉండాలి."

"నా పేరు పోయింది. దాని బదులు నువ్వేమిస్తావు?"

"ఆడదానికి పేరెందుకు, బిళ్ళ కరగకుండా ఏదో ఒకటి చేస్తాలే. రహస్యం చెప్పు, కరిగించేటప్పుడు వేరే వెండి వేస్తాను, ఎవరికీ తెలియదు."

"అలా దాచిన బిళ్ళ నా కూతురు ఎక్కడ పెట్టుకోవాలి, చీకట్లోనా?" అని ఆమె అట్లకాడ చేతిలోకి తీసుకుంది. కొట్టాలని కాదు, రొట్టె తిప్పాలి. కానీ అక్లీ గోడ దూకి వెళ్ళిపోయాడు. "సభలో నీ నోటితో చెప్పు, తర్వాత రా" అని వెనకనుంచి కేక వేసింది.

సభ రోజు వచ్చింది. అరుగుల మధ్య చిన్న కొలిమి పెట్టారు. మల్హా దగ్గర్నుంచి బిళ్ళ తెమ్మని మనిషిని పంపబోతుంటే, దారి చివర జూహెర్ కనిపించింది. తలకి గుడ్డ బిగించి కట్టుకుంది. ఒక చేతిలో బిళ్ళ, ఇంకో చేతిలో పలుపుతాడు, తాడు చివర కొవ్వు పట్టిన పొట్టేలు. ఆడవాళ్ళు తొక్కని దారి మధ్యలోంచి నడిచి వచ్చింది. పొట్టేలు అయితే రావటంతోనే లూనిస్ పక్కన అరుగెక్కి, ఆయన బర్నూసు అంచు నమలటం మొదలుపెట్టింది.

"జూహెర్, ఆడవాళ్ళ దారి వెనకాల ఉంది" అన్నాడు లూనిస్, బర్నూసు లాక్కుంటూ.

"పనుండి వచ్చాను మామా. ఈ బిళ్ళ చేసింది నేను. నా జరిమానా నాకు వెయ్యండి."

నవ్వులు పుట్టాయి. లూనిస్ మెత్తటి మనిషి. మరిదిని కాపాడాలని వచ్చావు, మంచిదే తల్లీ, అతని పొట్టేలు ఎప్పుడో అరిగిపోయింది, ఇంటికి వెళ్ళు, అన్నాడు.

"కాపాడటానికి కాదు. నేను చేసిన తప్పుకి మీరు వాడి పొట్టేలు తిన్నారు. నా తప్పు నాకిచ్చెయ్యండి" అంది. తర్వాత బిళ్ళని అరచేతిలో బోర్లించి, తాడు పట్టుకున్న చెయ్యి కప్పింది. "చేసినవాడికి తన పని తెలియాలిగా. దీని వెనక ఏముందో అక్లీని చెప్పమనండి."

అందరూ అక్లీ వైపు తిరిగారు. అతను గొంతు సవరించుకున్నాడు. "ఏముంటుంది, ఉత్త వెండి. సూది అతికి ఉంటుంది" అన్నాడు.

ఆమె చెయ్యి తీసింది. వెనకంతా నీలం, నీలం మీద ఆవగింజల్లా పసుపు చుక్కలు. కంసాలులు అరుగుల మీంచి లేచి వచ్చి మూగారు. ఒకరి భుజం మీంచి ఒకరు వంగి చూశారు. ఆ చూపు పనివాళ్ళ చూపు, అందులో ఎగతాళి లేదు. అక్లీ మాత్రం ఆ వెనకవైపుని చూసి, నుదుటి మీద అరచేత్తో కొట్టుకున్నాడు. అప్పుడర్థమైంది అతనికి, టిక్ ఎందుకో.

లూనిస్ చెయ్యెత్తాడు. ఆడదానివి, తెలియక చేశావు, సభ నిన్ను క్షమించింది, బిళ్ళ కరిగిద్దాం, అందరం మరిచిపోదాం, అన్నాడు. పెద్దమనిషి తీర్పే. ఆమెకి అంతకు ముందు వచ్చిన కోపమంతా ఒక ఎత్తు, ఈ క్షమాపణకి వచ్చింది ఒక ఎత్తు.

"తెలియక చెయ్యలేదు మామా. తెలిసి చేశాను. పగలగొట్టుకుంటూ, కాల్చుకుంటూ, మళ్ళీ మళ్ళీ చేసి తెలుసుకున్నాను. మీరెవరూ చెప్పలేదు. తెలియదు అనే మాట ఒక్కటి నన్ను అనకండి." ఊపిరి తీసుకుంది. "నేను కంసాలినా, కాదా? అది చెప్పండి. కాదంటే మీ కట్టుబాటు కంసాలులకే కదా, నాకూ నా కూతురి నుదుటికీ దాంతో పని లేదు. ఔనంటే ఇదిగో పొట్టేలు."

సభ గుసగుసల్లో పడింది. కాదంటే చిక్కు. రేపటి నుంచి కట్టుబాటు తగలని ఆడవాళ్ళందరూ నుదుటి బిళ్ళలు చేసుకుంటారు, పొట్టేలు కూడా రాదు. ఔనంటే ఒక్క జూహెర్‌తో పోతుంది, పైగా పొట్టేలు వస్తుంది. అది పోయినసారి దానికంటే బలంగా కూడా ఉంది. పెద్దలు గడ్డాలు నిమురుకున్నారు. లూనిస్ బర్నూసు దులుపుకుని, సాలెం భార్య జూహెర్ కంసాలి, కట్టుబాటు తప్పింది, జరిమానా తీసుకుంటున్నాం, అని అందరి ముందూ ప్రకటించి తాడు అందుకున్నాడు.

తాడు ఆయన చేతిలోకి పూర్తిగా వెళ్ళేదాకా జూహెర్ ఆగింది.

"ఇక బిళ్ళ కరిగించే సంగతి" అంది. "కంసాలుల్లో ఒక్కరు వద్దన్నా నగ కరగదు. నేను వద్దంటున్నాను."

 ఆ ముసలి కంసాలి, భార్య మాట మోసుకొచ్చినవాడు, నవ్వటం మొదలుపెట్టాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. లూనిస్ తాడు వంక చూశాడు, పొట్టేలు వంక చూశాడు, తిరిగి ఇచ్చేద్దామా అని ఒక క్షణం అనుకున్నట్టే ఉంది. కానీ అప్పటికే కత్తి నూరటానికి ఒకడు లేచాడు.

జూహెర్ వచ్చిన దారినే, ఆ మధ్య దారినే, వెనక్కి నడిచింది. నవ్వలేదు. గెలిచినవాళ్ళ ముఖంలా లేదు ఆమె ముఖం. నా కష్టాన్ని నాదనిపించుకోవటానికి పొట్టేలు ఇవ్వాల్సి వచ్చింది ఈ ఊళ్ళో, అనుకుంటూ వెళ్ళింది. పైవీధిలో గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తున్న మల్హా నుదుటికి, కెల్తూమ్ చూస్తుండగానే, తన చేత్తో బిళ్ళ పెట్టి ముడి బిగించింది. నీళ్ళకి వెళ్ళు, అంది. మల్హా తితెంని వీపున కట్టుకుని, కడవ తీసుకుని, ఎండలో ఊరి మధ్య నుంచి వెళ్ళింది.

ఇదంతా జరిగింది జరిగినట్టే చెప్పాను. లూనిస్ పక్కన అరుగెక్కి బర్నూసు నమిలిన పొట్టేలు ఒక్కటే నేను కలిపింది. అసలు పొట్టేలు బుద్ధిగా దారిలోనే నిలబడింది, చప్పుడు కూడా చెయ్యలేదు. కానీ ఆ పూట లూనిస్‌కి ఎవరో ఒకరు బర్నూసు నమలాల్సిందేనని నాకనిపించింది.